గేర్లు సరిగా పడటం లేదా? స్క్రూ తిప్పే ముందు చూడాల్సినవి

సైకిల్ గేర్లు మొరాయించగానే చాలామంది చెయ్యి వెనక డెరైలర్ (చైన్‌ని ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదాని మీదికి జరిపే పరికరం) మీదున్న రెండు చిన్న స్క్రూల మీదికి పోతుంది. తప్పు చాలాసార్లు అక్కడ ఉండదు. చైన్ ఇటు ఎంతవరకు, అటు ఎంతవరకు పోవచ్చో చెప్పే హద్దులే ఆ రెండూ. మధ్యలో ఉన్న గేర్లు పడటం, పడకపోవడం వాటి పని కాదు, కేబుల్ బిగువు పని. కేబుల్‌కి తుప్పు పట్టినా, హ్యాంగర్ (డెరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క) వంగినా ఆ స్క్రూలు తిప్పి లాభం లేదు. పైగా సరిగ్గా ఉన్న హద్దు చెడి, చైన్ స్పోకుల్లోకి పోయే కొత్త ప్రమాదం మొదలవుతుంది. అందుకే స్క్రూడ్రైవర్ చివరికి పట్టుకోవాలి.

ఇక్కడ చెప్పేదంతా మన దగ్గర ఎక్కువగా కనిపించే 21 గేర్ల సైకిల్ గురించి. ముందు పెడల్ దగ్గర మూడు చైన్‌రింగులు (పళ్ల చక్రాలు), వెనక చక్రానికి ఏడు స్ప్రాకెట్ల (చిన్న పళ్ల చక్రాల) ఫ్రీవీల్, షిమానో టోర్నీ తరగతి డెరైలర్ ఉండే రకం. ఎనిమిది, తొమ్మిది స్ప్రాకెట్ల సైకిళ్లకీ పద్ధతి ఇదే. కాకపోతే ఏడింటి సెట్‌లో స్ప్రాకెట్‌కీ స్ప్రాకెట్‌కీ మధ్య దూరం 5 మి.మీ., తొమ్మిదింటిలో 4.35, పదకొండింటిలో 3.74. దూరం తగ్గేకొద్దీ చిన్న తేడాకే గేర్ తప్పుతుంది. ఏడు గేర్ల సెట్ ఆ లెక్కన చాలా ఓపికగలది. అదీ పడటం లేదంటే ఎక్కడో గట్టి కారణమే ఉన్నట్టు.

అంకెల సంగతి ముందే తేల్చుకుందాం. కుడి చేతి షిఫ్టర్ (గేర్ మార్చే మీట) మీద 1 అంటే వెనక అన్నిటికన్నా పెద్ద స్ప్రాకెట్, ఎత్తు ఎక్కడానికి. 7 అంటే అన్నిటికన్నా చిన్నది. ఎడమ చేతి వైపు లెక్క తిరగబడుతుంది. అక్కడ 1 చిన్న చైన్‌రింగు, 3 పెద్దది. ముందు 3, వెనక 1 వేసి తొక్కితే చైన్ ఐమూలగా సాగి కరకరమంటుంది. ముందు 1, వెనక 7 అయినా అంతే. అది రిపేరు కాదు, వాడకూడని జోడీ. ఎంత సర్దినా ఆ శబ్దం పూర్తిగా పోదు.

లక్షణాన్ని బట్టి కారణం

సైకిల్‌ని వెనక చక్రం గాల్లో ఉండేలా నిలపాలి. దూలానికో, కిటికీ గ్రిల్‌కో తాడు కట్టి సీటు వేలాడదీస్తే సరిపోతుంది. లేదంటే ఒకరు సీటు పట్టుకుని ఎత్తాలి. తలకిందులుగా పెట్టొచ్చు కానీ అప్పుడు షిఫ్టర్లు నేలకి నొక్కుకుంటాయి, ఏ వైపు తిప్పాలన్నదీ తికమకే. ఒక చేత్తో పెడల్ తిప్పుతూ, ఇంకో చేత్తో ఒక్కో గేర్ మార్చి చూడండి. చైన్ కదులుతున్నంతసేపూ వేళ్లు చైన్‌కి, ఫ్రీవీల్‌కి దూరంగా ఉండాలి.

పెద్ద స్ప్రాకెట్ల వైపు ఎక్కడానికి బద్ధకిస్తూ, చిన్నవాటి వైపు టక్కున దిగుతోందంటే కేబుల్ వదులైనట్టు. కొత్త కేబుల్ వేసిన మొదటి వారాల్లో ఇది మామూలే. ఔటర్ (వైరు మీది తొడుగు) కొద్దిగా అణిగి, చివర్లు తమ చోట్లలో కూర్చుంటాయి. బ్యారెల్ (కేబుల్ చివర ఉండే, చేత్తో తిప్పి బిగువు సర్దే మర) అర చుట్టు విప్పే వైపు తిప్పితే తీరిపోతుంది.

ఎక్కడం బాగానే ఎక్కి, దిగేటప్పుడు ఆలస్యం చేస్తోందా? రెండు మూడు క్లిక్కులు కొట్టాక ఒక్కసారిగా దూకుతోందా? అది దాదాపు ఎప్పుడూ కేబుల్ రాపిడే. ఎక్కేటప్పుడు మన బొటనవేలి బలం లాగుతుంది, దిగేటప్పుడు లాగాల్సింది డెరైలర్‌లోని స్ప్రింగ్ ఒక్కటే. తుప్పు, మట్టి ముందు ఆ స్ప్రింగ్ ఓడిపోతుంది.

చిన్న స్ప్రాకెట్ల దగ్గర చక్కగా సర్దితే పెద్దవాటి దగ్గర తప్పుతోంది, అక్కడ సర్దితే ఇక్కడ తప్పుతోంది అంటే హ్యాంగర్ వంగి ఉంటుంది. లేదా షిఫ్టర్ ఏడు గేర్లది, ఫ్రీవీల్ ఆరింటిది అయి ఉంటుంది. పాత ఫ్రీవీల్ అరిగితే షాపులో ఏది ఉంటే అది బిగించేయడం వల్ల ఈ రెండోది జరుగుతుంది. ఆరు స్ప్రాకెట్ల ఫ్రీవీల్‌లో దూరం 5.5 మి.మీ., అర మిల్లీమీటరు తేడా. అది స్ప్రాకెట్ స్ప్రాకెట్‌కీ పేరుకుంటూ పోతుంది. ఫ్రీవీల్ మీద స్ప్రాకెట్లు, షిఫ్టర్ మీద అంకెలు ఒకసారి లెక్కపెట్టడానికి అర నిమిషం పట్టదు.

గేర్ మార్చకపోయినా తొక్కుతుంటే టక్కుమని జారుతోందనుకోండి. అన్ని గేర్లలోనూ, లెక్కపెట్టినట్టు కొన్ని తొక్కుళ్లకి ఒకసారి జారితే చైన్‌లో ఏదో ఒక లింకు బిగుసుకుపోయింది. పెడల్‌ని చేత్తో నెమ్మదిగా వెనక్కి తిప్పుతూ డెరైలర్ కింది పుల్లీ (చైన్ చుట్టుకుని పోయే చిన్న చక్రం) దగ్గర చూడండి. బిగుసుకున్న లింకు అక్కడ వంగకుండా ఎగిరి పడుతుంది. దానికి చుక్క నూనె వేసి, రెండు వైపులా పట్టుకుని చైన్‌ని అడ్డంగా కాస్త వంచితే వదులవుతుంది. అలా కాకుండా ఒకటి రెండు స్ప్రాకెట్ల మీదే, అదీ గట్టిగా తొక్కినప్పుడే జారుతుంటే ఆ స్ప్రాకెట్ పళ్లు అరిగిపోయినట్టు. కొత్త చైన్ వేయించిన వెంటనే ఇది మొదలైతే కొత్త చైన్‌ని తిట్టుకోవద్దు. పాత చైన్, పాత ఫ్రీవీల్ ఒకదానికొకటి అరిగి సర్దుకుని ఉంటాయి, కొత్తది వాటిలో ఇమడదు.

పంక్చర్ తర్వాత వచ్చే తంటా

నిన్నటిదాకా బాగున్న గేర్లు పంక్చర్ వేయించిన మర్నాడు పడకపోతే కేబుల్ జోలికి వెళ్లకండి. చక్రం చూడండి. ఇరుసు రెండు వైపులా ఫ్రేమ్ గాడిలో చివరిదాకా కూర్చుందో లేదో, చక్రం వెనక ఫోర్కు మధ్యలో ఉందో లేదో తేలాలి. కుడివైపు గాడిలో రెండు మిల్లీమీటర్లు కిందికి జారినా ఫ్రీవీల్ మొత్తం ఒరుగుతుంది.

తక్కువ ధర సైకిళ్లలో ఇంకో చిక్కు ఉంది. వాటిలో డెరైలర్ ఫ్రేమ్‌కి కాకుండా ఒక ఇనుప పట్టీకి ఉంటుంది. ఆ పట్టీ ఇరుసు నట్టు కింద ఇరుక్కుని, గాడిలో కూర్చునే చిన్న బిళ్ల, స్క్రూతో నిలబడుతుంది. నట్టు విప్పి మళ్లీ బిగించేటప్పుడు పట్టీ కాస్త తిరిగిపోతే డెరైలర్ కోణం మారిపోతుంది. ఇరుసు నట్టు వదులు చేసి, పట్టీని గాడిలో సరిగ్గా వెనక్కి ఆనించి, చేత్తో పట్టుకునే నట్టు బిగించాలి. చాలా కేసులు ఇక్కడితోనే తీరిపోతాయి.

చైన్ తీసి వేశాక కొత్తగా గరగర శబ్దం వస్తుంటే రెండు పుల్లీల మధ్య చూడండి. పంజరం (ఆ పుల్లీలని పట్టుకున్న రేకుల చట్రం) లోపల చిన్న రేకు నాలుక ఉంటుంది. చైన్ దానికి లోపలి నుంచి పోవాలి, పొరపాటున బయటి నుంచి పోతే ఆ నాలుకని రాసుకుంటూ తిరుగుతుంది.

హ్యాంగర్

డెరైలర్ కుడివైపు బయటికి పొడుచుకుని ఉంటుంది కాబట్టి మొదటి దెబ్బ దానికే తగులుతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పక్క బండి ఆనుకున్నా, స్కూల్ స్టాండులో పక్క సైకిల్ లాగినప్పుడు తట్టుకున్నా, అట్టపెట్టెలో వచ్చిన కొత్త సైకిల్ దారిలో నలిగినా వంగేది హ్యాంగరే. అల్యూమినియం ఫ్రేముల్లో దాన్ని కావాలనే మెత్తగా చేస్తారు, ఫ్రేమ్ బదులు అది వంగాలని. సైకిల్ పడుకోబెట్టాల్సి వస్తే ఎడమవైపుకే.

చూసే పద్ధతి ఇది. చైన్ మధ్య స్ప్రాకెట్ మీద ఉంచి, సైకిల్ వెనక రెండు మూడు అడుగుల దూరంలో కూర్చుని, ఒక కన్ను మూసి చూడండి. పై పుల్లీ, కింది పుల్లీ, వాటి పైనున్న స్ప్రాకెట్ మూడూ ఒకే నిలువు గీతలో ఉండాలి. కింది పుల్లీ స్పోకుల వైపు వాలితే హ్యాంగర్ లోపలికి వంగినట్టు, ఎక్కువగా ఇటే వంగుతుంది. పై నుంచి చూసినప్పుడు పంజరం ముందుకీ వెనక్కీ మెలి తిరిగి ఉండకూడదు.

షాపులో దీనికి హ్యాంగర్ గేజ్ ఉంటుంది. డెరైలర్ విప్పి, ఆ రంధ్రంలో గేజ్ బిగించి, రిమ్‌కి పైన, కింద, ముందు, వెనక నాలుగు చోట్ల దూరం కొలుస్తారు. తేడా 4 మి.మీ. లోపు ఉంటే చాలు. గేజ్ లేకపోతే ఒక పాత ఉపాయం ఉంది. హ్యాంగర్ రంధ్రం మర 10 మి.మీ., పిచ్ 1 మి.మీ. అదే మర ఉన్న ఇరుసుతో ఇంకో వెనక చక్రం దొరికితే దాని ఇరుసు చివర ఆ రంధ్రంలోకి ఎక్కుతుంది. రెండు చక్రాలూ సమాంతరంగా కనిపించేదాకా మెల్లగా వంచాలి. ఇరుసు మర వేరేదైతే బలవంతంగా ఎక్కించవద్దు, హ్యాంగర్ మర పోతుంది. ఇనుప హ్యాంగర్ కొన్నిసార్లు వంచినా తట్టుకుంటుంది. అల్యూమినియం ఒకసారి తట్టుకుంటుంది, రెండోసారి పగులు కోసం వెతకండి. కొత్తది కొనడానికి వెళ్తే పాతది విప్పి చేత్తో పట్టుకెళ్లండి. హ్యాంగర్లు ఫ్రేమ్‌కో ఆకారంలో ఉంటాయి, ఫొటో చూసి కొన్నది సరిపోవడం అదృష్టమే.

కేబుల్

చైన్ చిన్న స్ప్రాకెట్ మీద ఉంచి, పెడల్ తిప్పుతూ, ఫ్రేమ్ పొడవునా బయటికి కనిపించే కేబుల్‌ని వేలితో విల్లులా పక్కకి లాగండి. డెరైలర్ లోపలికి నున్నగా కదలాలి, వదలగానే టక్కున వెనక్కి రావాలి. నెమ్మదిగా వస్తే రాపిడి కేబుల్‌లోనా, డెరైలర్‌లోనా తేల్చడానికి కేబుల్ బోల్టు విప్పి, డెరైలర్‌ని చేత్తో తోసి వదలండి. అది చురుగ్గా వస్తే తప్పు కేబుల్‌ది. రాకపోతే డెరైలర్ కీళ్లలో మట్టి ఉంది. కిరోసిన్‌లో ముంచిన బ్రష్‌తో కడిగి, నాలుగు కీళ్లకీ చుక్క చొప్పున పలుచని నూనె వేసి, పది ఇరవైసార్లు ఆడించండి.

కేబుల్ పాడయ్యే చోట్లు మూడు. మొదటిది డెరైలర్ దగ్గర మెలిక తిరిగే చివరి ఔటర్ ముక్క. దాని నోరు వాన నీటి వైపే ఉంటుంది. రెండోది పెడల్ ఇరుసు గూటి కింద ఉండే ప్లాస్టిక్ గాడి. సైకిల్ తిప్పి చూస్తే తప్ప కనబడదు, వర్షాకాలం బురద అక్కడే చేరి ఎండి గట్టిపడుతుంది. మూడోది షిఫ్టర్ లోపల. కేబుల్ తల దగ్గర, వంపు తిరిగే చోట పోగులు ఒక్కొక్కటే తెగుతుంటాయి. బయటికి ఏమీ కనిపించదు, బిగువు మాత్రం రోజురోజుకీ తగ్గుతుంది. ఇవాళ సర్దితే రేపు మళ్లీ వదులవుతోందంటే ఇదే. పూర్తిగా తెగేలోపు మార్చండి, తెగిన తల షిఫ్టర్‌లో ఇరుక్కుంటే తీయడం పెద్ద పని.

కొత్త కేబుల్ కొనేటప్పుడు రెండు కొలతలు అడగండి. లోపలి వైరు 1.2 మి.మీ., ఔటర్ 4 మి.మీ. గేర్ ఔటర్. బ్రేక్ ఔటర్ 5 మి.మీ. ఉంటుంది. దాని లోపల తీగ స్ప్రింగ్‌లా చుట్టి ఉంటుంది కాబట్టి లాగినప్పుడు కుంచించుకుపోతుంది, గేర్లకి పనికిరాదు. గేర్ ఔటర్‌లో తీగలు నిలువునా పేర్చి ఉంటాయి. దాన్ని బ్రేకుకి వేయడం మాత్రం ప్రాణాల మీదికి వస్తుంది, గట్టిగా బ్రేక్ పట్టినప్పుడు చీలిపోవచ్చు.

కేబుల్ తీయాలంటే షిఫ్టర్‌ని 7 దగ్గర ఉంచాలి. అప్పుడే తల బయటికి వచ్చే రంధ్రం ఎదురుగా ఉంటుంది. కొన్ని షిఫ్టర్లకి ఆ రంధ్రం మీద చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది. ఔటర్ ముక్క పాతదాని పొడవుకే కోయండి. మామూలు కటింగ్ ప్లేయర్‌తో కోస్తే చివర నలిగి లోపలి ప్లాస్టిక్ గొట్టం మూసుకుపోతుంది. ఆకురాయితో చదును చేసి, దబ్బనం గుచ్చి రంధ్రం గుండ్రంగా తెరవండి. ఈ ఒక్క పని వదిలేయడం వల్ల కొత్త కేబుల్ వేసినా గేర్లు పడని సైకిళ్లు బోలెడు. చివర్లకి టోపీలు తప్పకుండా పెట్టాలి. లోపలికి మందపాటి గ్రీజు కూరవద్దు, దుమ్ము పట్టి పేస్టు అవుతుంది. కుట్టుమిషన్ నూనె తడిపిన గుడ్డతో వైరు తుడిస్తే చాలు. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె వాడకండి, చలికాలం పొద్దున్నే పేరుకుని కూర్చుంటుంది.

వైరుని డెరైలర్ బోల్టు కింద బిగించేటప్పుడు వాషర్ అడుగున గాడి కనిపిస్తుంది. వైరు ఆ గాడిలోనే పడాలి. బోల్టుకి అవతలి వైపు నుంచి పోనిస్తే ఒక్కో క్లిక్కుకి డెరైలర్ కదిలే దూరం మారిపోతుంది, ఆపై ఎంత సర్దినా ఏడు గేర్లూ ఒకేసారి కుదరవు.

ఇప్పుడు స్క్రూడ్రైవర్

పైవన్నీ సరిగ్గా ఉన్నాయనుకున్నాకే ఇది. కావాల్సింది ప్లస్ స్క్రూడ్రైవర్, 5 మి.మీ. అలెన్ కీ. కొన్ని పాత మోడళ్లలో అలెన్ కీ బదులు 9 మి.మీ. పానా పడుతుంది. క్రమం మార్చకండి, ప్రతి అడుగూ ముందుదాని మీదే నిలబడుతుంది.

షిఫ్టర్ 7 మీద, చైన్ చిన్న స్ప్రాకెట్ మీద ఉంచి కేబుల్ బోల్టు విప్పేయండి. బ్యారెల్‌ని పూర్తిగా లోపలికి బిగించి, ఒకటిన్నర చుట్టు బయటికి విప్పి వదలండి. ఇక హెచ్ అని రాసి ఉన్న స్క్రూ. వెనక నుంచి చూస్తే పై పుల్లీ, చిన్న స్ప్రాకెట్ బయటి అంచుకి సూటిగా కింద ఉండాలి. చైన్ ఫ్రేమ్ వైపు పడిపోబోతుంటే స్క్రూని బిగించే వైపు, రెండో స్ప్రాకెట్‌ని రాసుకుంటుంటే విప్పే వైపు, ఒక్కోసారి పావు చుట్టు మాత్రమే తిప్పండి.

తర్వాత వైరుని చేత్తో నిటారుగా లాగి బోల్టు బిగించండి. ప్లేయర్‌తో గుంజనక్కర్లేదు. టార్క్ పానా ఉన్నవాళ్లకి 5 నుంచి 7 న్యూటన్ మీటర్లు.

ఒక క్లిక్కు నొక్కి పెడల్ తిప్పండి. చైన్ రెండో స్ప్రాకెట్ మీదికి ఎక్కకపోతే బ్యారెల్‌ని అర చుట్టు విప్పే వైపు తిప్పండి. బ్యారెల్ బయటికి వస్తే కేబుల్ బిగుస్తుంది. వదులు చేస్తున్నట్టు అనిపించినా జరిగేది బిగింపే. రెండోదాన్ని దాటి మూడోదాని మీదికి పోతే లోపలికి బిగించండి. ఎక్కాక సన్నపు సర్దుబాటు ఇలా. రెండో స్ప్రాకెట్ మీద చైన్ తిరుగుతుండగా బ్యారెల్‌ని కొద్దికొద్దిగా విప్పుతూ పొండి. చైన్ మూడోదానికి తగిలి చిటచిటమనే శబ్దం మొదలవుతుంది. అక్కడ ఆగి, ఆ శబ్దం పోయేంతవరకే వెనక్కి బిగించండి. అదే సరైన బిగువు. మిగతా గేర్లన్నీ వాటంతట అవే కుదురుతాయి. కుదరకపోతే మళ్లీ హ్యాంగర్ దగ్గరికే వెళ్లాలి.

ఎల్ స్క్రూ ప్రాణాలకి సంబంధించింది. దీని హద్దు వదులుగా ఉంటే ఎత్తు ఎక్కుతూ 1వ గేర్ వేసిన క్షణంలో చైన్ స్పోకుల మధ్య పడుతుంది, డెరైలర్ దాని వెంట చక్రంలోకి పోతుంది. చైన్ పెద్ద స్ప్రాకెట్ మీదికి తెచ్చి, డెరైలర్‌ని వేలితో ఇంకా లోపలికి తోయండి. ఏమాత్రం కదలకూడదు, చైన్ స్పోకుల వైపు దాటే చోటు అసలు ఉండకూడదు. దాటుతుంటే బిగించండి. అసలు ఎక్కడమే లేదంటే పావు చుట్టు విప్పండి.

పెద్ద స్ప్రాకెట్ మీద ఉన్నప్పుడే పై పుల్లీకీ స్ప్రాకెట్ పళ్లకీ మధ్య ఖాళీ చూడండి. 5, 6 మి.మీ. ఉండాలి. పుల్లీ పళ్లకి తగులుతుంటే హ్యాంగర్ వెనకున్న బి-స్క్రూని బిగించండి. ఖాళీ మరీ ఎక్కువైతే గేర్లు మందకొడిగా మారతాయి. కొన్ని చవక మోడళ్లకి ఈ స్క్రూ ఉండదు, వాటిలో సర్దడానికీ ఏమీ ఉండదు.

ముందు డెరైలర్, షిఫ్టర్, చైన్

ముందు డెరైలర్ మొండిది. దానికి మొదట చోటు కుదరాలి. పంజరం బయటి రేకు, పెద్ద చైన్‌రింగు పళ్లకి 1 నుంచి 3 మి.మీ. పైన, చైన్‌రింగుకి సమాంతరంగా ఉండాలి. పట్టీ బోల్టు వదులు చేసి ముందు ఇది సరిచేయండి, స్క్రూలు ఆ తర్వాతే. వెనక పెద్ద స్ప్రాకెట్, ముందు చిన్న రింగు మీద చైన్ ఉంచి, లోపలి రేకుకీ చైన్‌కీ అర మిల్లీమీటరు మించని ఖాళీ వచ్చేలా ఎల్ స్క్రూ తిప్పండి. తర్వాత వైరు బిగించి, వెనక చిన్న స్ప్రాకెట్, ముందు పెద్ద రింగు మీద చైన్ పెట్టి, అంతే ఖాళీ బయటి రేకు దగ్గర వచ్చేలా హెచ్ స్క్రూ చూడండి. చైన్ పెడల్ వైపు పడుతుంటే హెచ్, ఫ్రేమ్ వైపు పడుతుంటే ఎల్ బిగించాలి.

కొన్నాళ్లు మూలన పడేసిన సైకిల్‌లో లివర్ నొక్కితే ఏమీ తగలకుండా ఖాళీగా ఊగుతుంటే షిఫ్టర్ పోయిందని పారేయకండి. లోపలి గ్రీజు జిగురులా గట్టిపడి, పట్టుకునే కొక్కెం అతుక్కుపోయి ఉంటుంది. కేబుల్ రంధ్రంలోంచి డబ్ల్యూడీ-40 ధారాళంగా కొట్టి, లివర్‌ని ఓపిగ్గా నొక్కుతూ ఉండండి. క్లిక్కు తిరిగొచ్చాక పలుచని నూనె రెండు చుక్కలు వేయాలి. ఒట్టి స్ప్రే ఆరిపోతే మళ్లీ పట్టేస్తుంది.

చైన్ అరుగుదల స్కేలుతో తెలుస్తుంది. కొత్త చైన్‌లో పన్నెండు అంగుళాలు, అంటే 24 పిన్నుల దూరం, సరిగ్గా 304.8 మి.మీ. చైన్ బిగువుగా ఉన్నచోట పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకి కొలవండి. 307 దాకా వస్తే చైన్ మార్చే సమయం. 308కి చేరితే ఫ్రీవీల్‌ని కూడా అరగదీసి ఉంటుంది, రెండూ కలిపి మార్చాలి. చైన్ మారుస్తుంటే ఆరు, ఏడు, ఎనిమిది గేర్లకి ఒకటే వెడల్పు రకం సరిపోతుంది. తొమ్మిదింటి చైన్ సన్నం. ఫ్రీవీల్ ఊడదీయడం మాత్రం ఇంట్లో పెట్టుకోవద్దు. తొక్కినకొద్దీ బిగుసుకునే మర అది. దాని రిమూవర్, బల్లకి బిగించిన వైస్ లేకుండా పానాతో కొడితే గాళ్లు చెడి హబ్ కూడా మార్చాల్సి వస్తుంది.